తొమ్మిదేళ్లుగా పిల్లల క్వయర్: ఇద్దరిని వేసిన అమ్మగా నా రివ్యూ

మేము నేపర్‌విల్ దగ్గర ఉంటాం, షికాగో సబర్బ్స్. అరోరా బాలాజీ గుడికి వెళ్తే ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉంటారు, మీ పిల్లలు క్వయర్‌లో ఉన్నారట కదండీ, మా పాపని వెయ్యొచ్చా, కర్ణాటక సంగీతం దెబ్బతినదా, అన్నీ చర్చి పాటలేనా అని. చెప్పులు వేసుకుంటూ రెండు నిమిషాల్లో చెప్పేది కాదు, అందుకే మొత్తం రాసేస్తున్నా. క్వయర్ అంటే కలిసి పాడే బృందం. మా అమ్మాయి 2016లో థర్డ్ గ్రేడ్‌లో ఉండగా చేరింది, ఇప్పుడు ట్వెల్త్. బాబు ఆ మరుసటేడు ఫస్ట్ గ్రేడ్‌లో చేరాడు, ఇప్పుడు నైన్త్.

ముందే చెప్పేస్తున్నా, వేయండి. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ కాదు, పిల్లల్ని వయసుల వారీగా విడదీసి నేర్పే చోట వేయండి. ఇది ఒక ఏడాది పోగొట్టుకుని తెలుసుకున్నాం.

మొదట వేసింది ఇంటికి దగ్గర, ఫీజు కూడా తక్కువ. థర్డ్ గ్రేడ్ నుంచి ఎయిత్ దాకా అందరూ ఒకే గదిలో. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, పక్కన నుంచున్న పిల్ల దానికన్నా అడుగున్నర ఎత్తు. పెద్దవాళ్లకి తగ్గ పాట తీసుకుంటే చిన్నవాళ్లకి అందదు, చిన్నవాళ్ల పాట తీసుకుంటే పెద్దవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆ డిసెంబర్ కాన్సర్ట్‌లో పదమూడేళ్ల అబ్బాయి ఒకడున్నాడు, గొంతు మారుతోంది, బొంగురుగా వస్తోందని, నువ్వు పెదాలు కదిపితే చాల్లే అన్నారట వాడితో. కారులో ఇంటికొస్తుంటే మా అమ్మాయి చెప్పింది, అమ్మా వాడు అసలేం పాడలేదు, ఊరికే నోరు తెరిచి మూశాడు అని. ఆ రాత్రంతా అదే ఆలోచన నాకు, ఎందుకంటే ఇంట్లో నాకూ ఒక కొడుకున్నాడు, రేపు వాడికీ పదమూడేళ్లొస్తాయి కదా. మే దాకా ఎలాగో ఓపిక పట్టి మార్చేశాం.

ఇప్పుడున్నది ఇరవై అయిదు నిమిషాల డ్రైవ్, స్నో పడితే నలభై. ఇక్కడ అయిదు గ్రూపులు. కిండర్‌గార్టెన్ నుంచి సెకండ్ గ్రేడ్ దాకా వారానికి నలభై అయిదు నిమిషాలే, ఆ వయసు పిల్లల్ని కూర్చోబెట్టి పాడించరు, నడుస్తూ, చప్పట్లు కొడుతూ, బంతి విసురుకుంటూ పాడతారు, అందరిదీ ఒకటే వరస. థర్డ్, ఫోర్త్ వాళ్లకి రౌండ్లు మొదలవుతాయి. ఫిఫ్త్ నుంచి సెవెంత్ దాకా రెండు పార్టులు, మూడు పార్టులు, అంటే ఒకే పాటలో ఒక్కో గుంపుది ఒక్కో వరస. గొంతు మారుతున్న అబ్బాయిలకి విడిగా ఒక గ్రూపు. ఆ పైన హైస్కూల్ వాళ్లు, సొప్రానో, ఆల్టో (ఆడగొంతుల్లో పైది, కిందది), టెనర్, బాస్ (మగగొంతుల్లో పైది, కిందది) నాలుగూ కలిపి, వీళ్లకి వారానికి రెండున్నర గంటలు.

రౌండ్ అంటే ఏంటో కొంచెం చెప్పాలి. తెనాలిలో మా స్కూల్లో ఆగస్టు పదిహేనుకి అరవై మందిమి దేశభక్తి గీతం పాడినా అందరిదీ ఒకటే బాణీ, మాకు బృందగానం అంటే అదే. ఇక్కడ సగం మంది పాట మొదలెట్టాక, ఒక లైను అయ్యేసరికి మిగతా సగం మంది అదే పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు, రెండూ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. వినడానికి తేలిగ్గా ఉంటుంది, పాడేటప్పుడు పక్కవాళ్లు మనల్ని లాగేస్తారు. మా బాబుకి థర్డ్ గ్రేడ్‌లో ఇది రావడానికి మూడు నెలలు పట్టింది. రిహార్సల్ చివర్లో పేరెంట్స్‌ని లోపలికి రానిస్తారు, వెళ్లి చూస్తే వీడు కుడి చెవిలో వేలు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పాడుతున్నాడు, అవతలి గ్రూపు వినపడితే తను తప్పిపోతానని. డైరెక్టర్ గారు మెల్లగా వచ్చి ఆ వేలు తీసి, వాళ్లు పాడేది విను, వింటూనే నీది నువ్వు పాడు అని, వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాడి పార్టు వాడితో కలిసి పాడారు. రెండోసారికి గొంతు తగ్గించారు, మూడోసారికి ఆవిడ ఆపేశారు, వీడు ఆపలేదు. నాకైతే కళ్లనీళ్లు ఆగలేదు.

ఇక కర్ణాటక సంగీతం సంగతి. మా అమ్మాయి అప్పటికే గీతాల్లో (సరళీ వరసల తర్వాత నేర్పే చిన్న పాటలు) ఉంది, వాళ్ల టీచర్ గారికి క్వయర్ అస్సలు ఇష్టం లేదు, అయిదున్నర శ్రుతిలో నిండుగా పాడాల్సిన పిల్ల పైకి వెళ్లి సన్నగా పాడితే గొంతు పలచబడుతుందమ్మా అన్నారు. ఆవిడ భయంలో నిజం ఉంది. క్వయర్‌లో పైస్వరాలన్నీ హెడ్ వాయిస్‌లో, అంటే సన్నటి పైగొంతుతో, తేలిగ్గా పాడిస్తారు, పైగా గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పనికిరాదు, ప్రతి స్వరం గీత గీసినట్టు నిలబడాలి, యాభై మందిలో ఒక్కళ్లు ఊపినా కలవదు. మా అమ్మాయి మొదటి ఆర్నెల్లు క్వయర్‌లో ఊపేది, కర్ణాటక క్లాసులో ఊపకుండా ఆపేసేది, రెండు చోట్లా చెప్పించుకుంది. ఏడాది తిరిగాక రెండూ విడిపోయాయి, ఇంట్లో ఒక భాష బయట ఒక భాష మాట్లాడే పిల్లలకి ఇదేం కష్టం కాదనుకుంటా. మూడో ఏడు టీచర్ గారే, శ్రుతి ఇప్పుడు బాగా నిలబడుతోందే అన్నారు.

స్వరాలు నేర్పడానికి వీళ్లు చేతి గుర్తులు వాడతారు. డో అంటే నడుం దగ్గర పిడికిలి, మీ అంటే చెయ్యి బల్లలా అడ్డంగా, సోల్ అంటే అరచెయ్యి మన వైపు తిప్పి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ అనే ఆయన పెట్టిన పద్ధతంట, తర్వాత హంగరీలో కోడాయ్ అనే సంగీతకారుడి పేరుతో నడిచే బోధన వల్ల చాలా దేశాలకి పాకింది. డో ఏ శ్రుతిలోనైనా పెట్టుకోవచ్చు, మన షడ్జమం (స) లాగే. వాళ్ల మేజర్ స్కేల్ మన శంకరాభరణం స్వరాలే. మనం సరళీ వరసలు మాయామాళవగౌళలో మొదలెడతాం కదా, తేడా రి, ధ రెండే, మనవి కాస్త కిందుగా ఉంటాయి. మా అమ్మాయి ఒకరోజు అన్నం తింటూ ఎడమ చేత్తో తమ్ముడికి సరిగమలు పట్టిస్తోంది, శుద్ధ రిషభానికి, అంటే ఆ కింద రి కి, వాళ్ల దగ్గర గుర్తు ఏం చూపిస్తారో తెలీక చెయ్యి కాస్త కిందకి వంచి తనే ఒకటి పెట్టేసుకుంది. ఇప్పటికీ మా ఇంట్లో అదే గుర్తు.

2020 మాత్రం చాలా చెడ్డగా గడిచింది. ఆ మార్చిలో వాషింగ్టన్ స్టేట్‌లో స్కాజిట్ వ్యాలీలో పెద్దవాళ్ల క్వయర్ ఒకటి, ఒక్క రిహార్సల్‌కి 61 మంది వస్తే 53 మందికి కోవిడ్ వచ్చిందని లెక్కగట్టారు, ఇద్దరు చనిపోయారు. అది చదివాక కలిసి పాడటం అంటేనే భయం వేసింది. జూమ్‌లో పెట్టారు, కానీ నెట్‌లో గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వస్తాయి, కలిపి పాడటం కుదరదు, అందరూ మ్యూట్, ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా పాడుకోవడమే. బాబు రెండు వారాలు చూసి లాప్‌టాప్ మూసేశాడు. తర్వాత పార్కింగ్ లాట్‌లో దూరదూరంగా నిలబెట్టి మాస్కులతో పాడించినప్పుడు చలికి వణుకుతూ కూడా ఒక్క వారం మానలేదు వీళ్లిద్దరూ.

2023 నవంబర్‌లో నేను భయపడ్డ రోజు రానే వచ్చింది. పాట మధ్యలో పైస్వరం దగ్గర బాబు గొంతు జారిపోయింది, ఎవరో నవ్వారు, ఇంటికొచ్చి నేను మానేస్తా అన్నాడు. మర్నాడు డైరెక్టర్ గారే ఫోన్ చేసి ఓ పావుగంట ముందు తీసుకురమ్మన్నారు. పియానో దగ్గర నిలబెట్టి ఒక్కో స్వరం పాడించి చూశారు, గట్టిగా నిలబడేవి ఆరే ఉన్నాయి ఆ రోజుకి. ఆవిడ పెన్సిల్ తీసుకుని వాడి ఫోల్డర్‌లో కాగితం మీద ఆ ఆరు స్వరాలతోనే వాడికొక వరస రాసిచ్చారు, ఈ నెల ఇది నీ పార్టు, ఇది లేకపోతే పాట నిండదు అన్నారు. తర్వాతి వారం గొంతు మారే అబ్బాయిల గ్రూపులోకి మార్చారు, పద్నాలుగు మంది, అందరిదీ అదే పరిస్థితి, అక్కడ ఎవడూ ఎవడినీ చూసి నవ్వడు. మూడు వారాలకొకసారి గొంతు చూసి పార్టు మార్చేవాళ్లు. ఇలాంటి గొంతుని కాంబియాటా అంటారు, అమెరికాలో ఇర్విన్ కూపర్ అనే ఆయన ఈ వయసు అబ్బాయిల కోసమే పాటలు రాయాలని పట్టుబట్టారట. స్వరపేటిక పెరుగుతుంది, తంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత) కిందకి దిగుతుంది, అంతే, జబ్బేం కాదు. మన దగ్గర ఎంతమంది మగపిల్లలు ఆ వయసులో సంగీతం మానేసి మళ్లీ తిరిగి చూడలేదో, మా అన్నయ్యతో సహా. మా వాడు ఇప్పుడు బారిటోన్, అంటే టెనర్‌కీ బాస్‌కీ మధ్య గొంతు, వెనక వరసలో నుంచుంటాడు.

చర్చి పాటల గురించి దాచేదేం లేదు, ఉంటాయి, లాటిన్‌వి చాలా ఉంటాయి. యూరప్‌లో వందల ఏళ్లు పెద్ద పెద్ద కంపోజర్లు చర్చి కోసం చాలా రాశారు మరి. మాకు ఇబ్బంది అనిపించలేదు, మీకు అనిపిస్తే ముందే అడగండి. హీబ్రూ, స్పానిష్, జులూ పాటలూ పాడారు, ఒక ఏడు సంస్కృత శ్లోకం పెట్టారు. ఉచ్చారణకి నన్ను రమ్మన్నారు, యాభై మంది అమెరికన్ పిల్లలకి 'ణ' నేర్పాను, నాలుక వెనక్కి మడవండి, అంగిలికి తాకించండి అని. వాళ్లు ప్రాక్టీస్ చేస్తుంటే మా అమ్మాయి మొహం చూడాలి, ఎంత గర్వంగా ఉందో.

గుంటూరులో కాలేజీలో నాతో చదివిన అమ్మాయి క్రిస్మస్‌కి నెల ముందు నుంచీ చర్చిలో ఆల్టో ప్రాక్టీస్ ఉందని వెళ్లేది. ఆల్టో అంటే ఏంటే అని ఒక్కరోజు కూడా అడగలేదు నేను. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మన భాషల పాటల్నే ఇలా పార్టులుగా పాడించారని ఇక్కడికొచ్చాక తెలిసింది. తెలుగులో పిల్లల కోసం అలాంటిది ఊరూరా ఉంటే ఎంత బావుంటుంది.

నచ్చనివి చెప్పాలి. ఖర్చు. చిన్న గ్రూపుకి ఏడాదికి నాలుగొందల డాలర్లు, పై గ్రూపుకి వెయ్యి దగ్గర, డ్రెస్సు వేరే, అది ఏడాదిన్నరకే పొట్టయిపోతుంది. టూర్ ఉన్న ఏడు ఇంకో రెండు వేలు, కట్టలేని ఇద్దరు పిల్లలు ఇంట్లో ఉండిపోయారు, స్కాలర్‌షిప్ ఉందని వాళ్లకి ఎవరూ గట్టిగా చెప్పలేదు, అది నాకు బాధగానే ఉంది. కాన్సర్ట్ వారంలో రిహార్సల్ టైమ్ ముందురోజు రాత్రి మార్చేస్తారు. శనివారాలన్నీ పోతాయి. అమ్మాయి ఆల్ స్టేట్‌కి, అంటే రాష్ట్రం మొత్తం నుంచి ఎంచిన పిల్లల క్వయర్‌కి, సెలెక్ట్ అయితే జనవరి చలిలో పియోరియా దాకా వెళ్లొచ్చాం, దానికి మాత్రం ఒక్క నిమిషం కూడా అలసట అనిపించలేదు.

ఆడిషన్లు ఎక్కువగా మే, ఆగస్టుల్లో పెడతారు. భయపడక్కర్లేదు, తెలిసిన పాట ఒకటి పాడమంటారు, పియానో మీద రెండు మూడు స్వరాలు వినిపించి తిరిగి అనమంటారు, చప్పట్లతో తాళం చూస్తారు, అయిదు నిమిషాల పని. చేర్పించే ముందు ఒక రిహార్సల్‌కి వెళ్లి వెనక కూర్చుని చూడండి, చిన్న పిల్లలు ఎంతసేపు ఊరికే కూర్చుంటున్నారో గమనించండి. అమ్మాయిని వేస్తున్నా సరే, గొంతు మారే అబ్బాయిల్ని ఏం చేస్తారండీ అని డైరెక్టర్‌ని అడగండి. కొన్నాళ్లు ఆగి రమ్మంటాం అంటే థాంక్యూ చెప్పి వచ్చేయండి.