వాట్సాప్ గ్రూపా, గ్రామసభా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ ప్రాంతపు తెలుగు పల్లెల్లో తునికాకు (బీడీ ఆకు) సేకరణ కబురు చేరవేయడానికి వాట్సాప్ గ్రూపును మించిన సాధనం లేదు. ఆకు కొనే కల్లం ఎక్కడ, ధర ఎంత అన్నది పొద్దు పొడవకముందే అందరికీ, ప్రాణహిత అవతలి ఒడ్డు బంధువులకు సైతం, తెలిసిపోతుంది. అయితే ఏ చెట్టును నరకకూడదు, వెదురు ఎంతవరకు కోయాలి అన్న నిర్ణయాలకు నేను గ్రామసభనే ఎంచుకుంటాను. ఇదే జిల్లాలోని మెండా (లేఖా) గ్రామం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు పొందింది. అక్కడి గ్రామసభలో ఓట్లు లెక్కించరు, ఏకాభిప్రాయం కుదిరేదాకా చర్చిస్తారు. వాట్సాప్ గ్రూపులో సరేనని బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టినవాడు (అసలు చదివాడో లేదో!) మర్నాడు మాట మార్చగలడు కానీ, చింతచెట్టు కింద పదిమంది ఎదుట తలూపినవాడికి అది అంత సులువు కాదు. ఫోను లేని ముసలమ్మ అభ్యంతరం కూడా అక్కడే వినిపిస్తుంది.