హబ్ రిడక్షన్ హౌసింగుతో ఆరేళ్ళు: చీమకుర్తి గుంతలో నా టిప్పరు

మా పాత పది టైర్ల టిప్పరుకి నాలుగేళ్ళలో మూడు యాక్సిల్ రాడ్లు (వెనక ఇరుసులో చక్రానికి పోయే ఇనుప కడ్డీలు) తెగాయి. మూడూ ఒకేచోట, చీమకుర్తి క్వారీ గుంతలోంచి వేస్టు రాయితో పైకెక్కే మలుపులో. గెలాక్సీ గ్రానైటు బ్లాకులు మోసేది ట్రైలర్లు. మాది మట్టి, రాళ్ళముక్కలు డంపుకి తోలే పని. రోజంతా ఎక్కడం, దిగడం.

మూడోసారి తెగినప్పుడు, ఇంకా లావు రాడ్డు ఏదన్నా ఉంటే వేయమని ఒంగోలు మేస్త్రీని అడిగా. ఆయన తెగిన ముక్క నా చేతిలో పెట్టి, "ఇది బరువుకి పోలేదు నాయనా. మెలితిరిగి తెగింది చూడు. బరువుకైతే దీని చుట్టూ ఉండే గొట్టం, హౌసింగు, వంగుద్ది," అన్నాడు. అదే రోజు లోడుతో ఉన్న బండికి రాడ్డు బయటికి లాగి చూపించాడు. చక్రం చెక్కుచెదర్లేదు. బరువు మోసేది హౌసింగూ, చక్రం మధ్యలో ఉండే హబ్ బేరింగులూ. రాడ్డుది తిప్పే పని మాత్రమే. నేను అన్నాళ్ళూ ఓవర్‌లోడని డ్రైవర్‌ని తిట్టా. నిజానికి అతను చేసిన తప్పు వేరు: చక్రం జారి గిర్రున తిరిగేటప్పుడు ఎక్సిలేటరు వదలకుండా డిఫ్ లాక్ (రెండువైపుల చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) వేయడం.

2019లో కొత్త బండి హబ్ రిడక్షన్‌ది తీసుకున్నా. మామూలు హౌసింగులో వేగం తగ్గించే పనంతా ఇరుసు నడిమి గుండులో ఉండే గేర్లైన క్రౌన్, పినియన్‌లదే. దీంట్లో కొంత అక్కడ, మిగతాది చక్రాల హబ్బుల్లో ఉండే ప్లానెటరీ గేర్ల దగ్గర. మొత్తం 7 రెట్లు తగ్గాలనుకోండి. క్రౌన్ దగ్గర 2, హబ్బులో 3.5 అయితే రాడ్డు మీద పడే మెలి మూడున్నరో వంతే. క్రౌన్ కూడా చిన్నది కాబట్టి నడిమి గుండు రాళ్ళకి తగలదు. ఆరేళ్ళలో ఒక్క రాడ్డు తెగలేదు. అదే మలుపు, అదే డ్రైవరు.

అయితే ఊరికే రాలేదు. పాత బండి లీటరుకి మూడున్నర ఇచ్చేది, ఇది మూడు దాటితే గొప్ప. ఆయిలు నడిమి గుండు, అంటే డిఫరెన్షియల్‌లోనే కాదు, నాలుగు హబ్బుల్లోనూ మార్చాలి. కృష్ణపట్నం వైపు రెండు నెలలు కంకర తోలినప్పుడు, మే ఎండలో కావలి దాటేసరికి హబ్బు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఇది హైవే మీద పరుగెత్తే సరుకు కాదు.

నన్ను బాగా ఏడిపించింది హబ్బులో ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు. ఆయిలు కారి బ్రేకు లైనర్లు తడిసి ఒకరోజు దిగుడులో బ్రేకు జారింది. సీలు మార్చా, నెలకే మళ్ళీ కారింది. ఇంకోటి మార్చా. చివరికి తేలిందేమంటే, హౌసింగు పైన ఉండే బ్రీదరు, అంటే లోపలి గాలి బయటికి పోయే రంధ్రం, క్వారీ దుమ్ముతో మూసుకుపోయింది. లోపల వేడికి గాలి ఉబ్బి, పోయే దారిలేక ఆయిల్ని సీలు గుండా తోస్తోంది. ఇప్పుడు ప్రతి ఆదివారం బ్రీదరు తుడవడం క్లీనరు పని. సీళ్ళ జోలికి పోలేదు మళ్ళీ.

మా బావమరిది తెలివిగా పాత సామాను అంగట్లో పెద్ద హౌసింగు ఒకటి కొని వెనక ఇరుసుకి బిగించాడు. వెనకున్న రెండు ఇరుసుల్లో ముందుదాని రేషియో (వేగం తగ్గించే లెక్క) వేరు. రెండూ ఇంజను తిప్పే ఇరుసులే కదా, ఒకదాన్నొకటి గుంజుకుని టైర్లు ఆకురాయి పట్టినట్టు అరిగాయి. పైగా ఎంత గట్టి ఇరుసు వేసినా ఆర్సీలో అనుమతి బరువు (బండితో కలిపి) మారదు. 2018లో పది టైర్ల బండికి 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు, అది అందరికీ ఒకటే.

ఈ ఏడు ఇంకో బండి చూస్తున్నాం, నెల్లూరు వైపు రోడ్డు పనికి. దానికి మామూలు హౌసింగే చెప్పా.