సైబర్ క్రైమ్ పోర్టల్: ఆడవాళ్ల ఫిర్యాదుకు ఎంతవరకు పనికొస్తుంది?

కేంద్ర హోంశాఖ నడిపే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్ 2019 ఆగస్టు నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. దొంగ ప్రొఫైలైనా, మార్ఫింగ్ ఫొటో అయినా, బెదిరింపు మెసేజీ అయినా ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోకుండానే ఫోన్లో ఫిర్యాదు పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు. వాడదగ్గ సేవే, కానీ కంగారులో వాడితే సగం పని చెడుతుంది.

మహిళలు, పిల్లల విభాగంలో రెండు దారులున్నాయి. ఒకదాంట్లో పేరు చెప్పక్కర్లేదు. రెండోదాంట్లో ఫోన్ నంబరుకు ఓటీపీ తెప్పించుకుని ఫిర్యాదు పెట్టి, ఆ తర్వాత అది ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. పరువు భయంతో చేయి మొదటిదాని మీదికే పోతుంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ పేరు లేని ఫిర్యాదు ఏమైందో తెలుసుకునే వీలు లేదు, పోలీసులు ఇంకో వివరం అడుగుదామన్నా ఎదురుగా మనిషి ఉండదు. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి వీడియో కంటబడితే మొదటి దారి చాలు. బాధితురాలే పెడుతుంటే మాత్రం రెండోదే మేలు.

పోర్టల్ తెరవడానికి ముందే సాక్ష్యం పదిలం చేసుకోవాలి. ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. కోపంతో వాణ్ణి బ్లాక్ చేస్తారు, సిగ్గుతో చాట్ చెరిపేస్తారు. వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు కూడా బ్లాక్ చేసి మెసేజీలు తీసేసే టిక్ ఉందేమో చూసుకోవాలి. ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో పంపినవాడే మెసేజీ వెనక్కి తీసేసుకోగలడు కాబట్టి చూసిన వెంటనే స్క్రీన్‌షాట్ తీయాలి, తేదీ, టైమూ కనబడేలా. అదొక్కటే చాలదు. ప్రొఫైల్ పేరు వాడు ఎప్పుడైనా మార్చేయగలడు, అందుకని మూడు చుక్కలు నొక్కి ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు విడివిడిగా కాపీ చేసి పెట్టుకోండి. వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కు పంపుకోండి. ఆలస్యమూ పనికిరాదు. తీసేసిన పోస్టు తాలూకు సమాచారాన్ని కంపెనీలు దాచి ఉంచాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పింది 180 రోజులకే.

ఫారంలో చిరాకు పెట్టేది వివరాల గడి. కనీసం 200 అక్షరాలు ఉండాలి, ప్రత్యేక గుర్తులు ఉండకూడదు. ఇన్‌స్టా పేరుకు ముందుండే ‘ఎట్’ గుర్తు రాసినా తిప్పికొడుతుంది. ఏ తేదీన, ఏ యాప్‌లో, ఏ పేరుతో, ఏమని బెదిరించాడో అదే వరుసలో నోట్స్‌లో ముందే రాసుకుని అతికించడం మంచిది. జిల్లా జాబితాలో నెల్లూరు దొరక్కపోతే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అనే అధికారిక పేరుతో వెతకండి.

రసీదు నంబరు రాగానే కేసు నమోదైపోయిందనుకోవద్దు, అది ఎఫ్‌ఐఆర్ కాదు. ఫిర్యాదు రాష్ట్ర పోలీసులకు చేరుతుంది, ఎఫ్‌ఐఆర్ విడిగా నమోదు కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. కందుకూరు లాంటి, జిల్లా మారిన చోట్ల ఇది చాలా అవసరం: ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా రాసే ఎఫ్‌ఐఆర్, అడగండి. సమాచారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చినవాళ్లు 3 రోజుల్లోగా సంతకం పెట్టాలి. ఐటీ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదు.

ఫొటోను నెట్‌లోంచి తీయించే పని మాత్రం ఈ పోర్టల్‌తో తీరిపోదు. దానికి స్టాప్‌ఎన్‌సీఐఐ.ఓఆర్‌జీ అనే వెబ్‌సైట్ మంచి తోడు, 18 నిండినవాళ్లకు. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని వేలిముద్ర లాంటి కోడ్ ఒక్కటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్ లాంటి చోట్లకు వెళ్తుంది. ఫొటోను కాస్త మార్చినా కోడ్ పట్టేస్తుంది, కానీ వీడియోను కొంచెం కత్తిరించినా కోడ్ మారిపోతుంది. అందుకే వీడియో ఎన్ని రూపాల్లో తిరుగుతుంటే అన్నిటికీ కోడ్ ఇవ్వాలి. కేసు నంబరు, పిన్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి, పిన్ పోతే మళ్లీ రాదు. దీనితోపాటు ఫిర్యాదులు చూసే యాప్ గ్రీవెన్స్ అధికారికీ రాయాలి. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ ఫిర్యాదులకు 2021 నిబంధనల్లో మొదట పెట్టిన గడువు 24 గంటలు, 2026 ఫిబ్రవరి సవరణతో అది 2 గంటలకు తగ్గింది. వాళ్ల జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం వేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి పోవచ్చు.

డబ్బు కూడా లాగి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంకో రూపాయి పంపొద్దు. వాడు ఇంటి దాకా వస్తే 112, లేదా 2025 మార్చి 8న మార్కాపురంలో ప్రారంభించిన, ఏపీ పోలీసుల మహిళా భద్రత యాప్ శక్తి. అప్పుడు ఫారాలు నింపుతూ కూర్చోవద్దు.

బాధితురాలు మైనరైతే ఆ అశ్లీల బొమ్మను కాపీ చేయడం, ‘సాక్ష్యం’ అని బంధువులకు పంపడం నేరమవుతుంది, లింకు రాసిస్తే చాలు. నెట్ సెంటర్లో ఫిర్యాదు పెట్టేవాళ్లు స్క్రీన్‌షాట్లను షాపు వాట్సాప్ నంబరుకు పంపొద్దు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, పని అయ్యాక డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ రెండూ ఖాళీ చేసి, మెయిల్ లాగౌట్ చేసి లేవండి.