వావిలాకు నొప్పి తగ్గిస్తుందా? ఏ పరీక్షతో తేల్చడం మేలు?

మా ఊళ్లో బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లతోనే స్నానం చేయిస్తారు, ఒళ్లు నొప్పులు పోతాయని. ఎం.ఫార్మసీలో ఆ ఆకునే ప్రాజెక్టుగా ఎంచుకున్న పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "నొప్పికి రైథింగ్ చేయమంటారా, హాట్ ప్లేటా?"

రైథింగ్‌కి ఖర్చు తక్కువ. 0.6 శాతం ఎసిటిక్ యాసిడ్‌ని చుంచెలుక పొట్టలోకి ఇంజెక్ట్ చేసి, అది ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో 20 నిమిషాలు లెక్కపెడతాం. ఆస్పిరిన్ లాంటి మందుల పనితనం కూడా ఇందులో తెలుస్తుంది. కానీ కండరాల్ని సడలించే మందులిచ్చినా, కొన్ని యాంటీహిస్టమిన్లు ఇచ్చినా మెలికలు తగ్గుతాయి. ఇదొక్కటే చేసి థీసిస్‌లో "నొప్పి నివారిణి" అని రాస్తే నేను ఒప్పుకోను.

హాట్ ప్లేట్ సంగతి వేరు. 55 డిగ్రీల పలక మీద పెట్టాక ఎలుక ఎంతసేపటికి పాదం నాకుతుందో, ఎగురుతుందో చూస్తాం. మామూలుగా 15 సెకన్లు దాటనివ్వం, పాదాలు కాలిపోతాయి. మార్ఫిన్ లాంటివైతే దీంట్లో బాగా పట్టుబడతాయి, ఆస్పిరిన్ లాంటివి సరిగా కనిపించవు. వాపు తగ్గడం వల్లే నొప్పి తగ్గించే ఆకైతే ఇక్కడ ఫెయిలైనట్టే ఉంటుంది. ఆ తప్పు ఆకుది కాదు.

నన్నడిగితే ఫార్మాలిన్ పరీక్ష మేలు. పాదంలోకి ఇంజెక్షన్ ఇచ్చిన మొదటి 5 నిమిషాల్లో నరాలు నేరుగా రేగి పుట్టే నొప్పి, 15 నుంచి 30 నిమిషాల మధ్య ఎక్కువగా వాపుతో వచ్చే నొప్పి. ఒకే ఎలుకలో రెండూ తెలుస్తాయి కాబట్టి తక్కువ ప్రాణులతో పని అవుతుంది. నాకు అది చిన్న విషయం కాదు. పక్కనే రోటారాడ్ (తిరిగే కడ్డీ మీద ఎలుక పడిపోకుండా ఎంతసేపు నిలుస్తుందో చూసే పరీక్ష) కూడా చేయండి. ఎలుక మత్తుగా ఉండి కదలకపోతే నొప్పి తగ్గిందని పొరబడతాం.

వాపు పుట్టించడానికి కారజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం), జ్వరం తెప్పించడానికి ఈస్ట్ ఇచ్చి ఆకు పనితనం చూస్తాం: వీటి దగ్గర పెద్ద తర్జనభర్జన అక్కర్లేదు. కారజీనన్ వాపుని మాత్రం గంటగంటకీ కొలవండి. వాపు తెచ్చే ఒంటి రసాయనాల్లో మొదట్లో హిస్టమిన్, సెరొటోనిన్ పనిచేస్తాయి, 3 గంటల దగ్గర ప్రోస్టాగ్లాండిన్లు. ఆకు ఎక్కడ అడ్డుపడుతోందో ఆ అంకెల్లోనే దొరుకుతుంది.

ఇక నీళ్ల కషాయమా, ఆల్కహాల్ ఎక్స్‌ట్రాక్టా? చాలామంది రెండోదే తీసుకుంటారు. ఇళ్లలో వాడేది నీళ్లలో కాచిన ఆకు, అదీ ఒంటి మీద పోసుకోడానికి. మనం ఎలుకకి నోటి ద్వారా ఇస్తున్నాం. ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ పెట్టేటప్పుడే నీళ్ల కషాయానికి ఒక గ్రూపు అడగండి, తర్వాత కలపాలంటే మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి.