ఒంగోలులో గ్రూప్-2 కోచింగ్: పాలిటీ సార్ కోసమైనా చేరొచ్చు

లాయర్‌పేటలో ఈ కోచింగ్‌లో చేరాను, పాలిటీ (రాజ్యాంగం, పాలన) సిలబస్ మొత్తం అయిపోయింది, గ్రూప్-2కి ప్రిపేర్ అయ్యే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఫీజు తక్కువేం కాదు గానీ రెండు విడతల్లో కట్టనిచ్చారు. హిస్టరీ, ఎకానమీ క్లాసులు పర్లేదు. అసలు చెప్పాల్సింది పాలిటీ సార్ గురించి.

పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ అనగానే ఎక్కడైనా 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది, 11వ షెడ్యూల్లో పంచాయతీలకి సంబంధించిన 29 అంశాలు, గుర్తుపెట్టుకోండి అని వదిలేస్తారు. ఈయన మాత్రం ఆ 29లో తాగునీళ్ళు, రోడ్లు, లైబ్రరీలు, సంతలు మీ ఊళ్ళో ఎవరు చూస్తున్నారో, డబ్బు ఎక్కడినుంచొస్తుందో కనుక్కుని రండి అని పంపిస్తారు, కనుక్కుని రాకపోతే క్లాసులో నిలబెట్టి అడుగుతారు. బ్యాచ్‌లో చాలామందికి పంచాయతీ సెక్రటరీ ఎవరో గూడా తెలీదు అప్పటిదాకా.

పొదిలి వైపు ఒక ఊళ్ళో గ్రామసభకి తీసుకెళ్ళారు, స్కూలు వరండాలో జరిగింది. సెక్రటరీ మా వయసు అమ్మాయే, గ్రామ సచివాలయాలు మొదలైన 2019లో సెలెక్ట్ అయిందంట. ఒక పెద్దామె లేచి "మా సందులోకి నీళ్ళు రావట్లా, పోయినసారి గూడా రాసుకున్నావు గదమ్మా" అని గట్టిగా అడిగింది. ఆ అమ్మాయి తడబడకుండా తీర్మానాల పుస్తకం వెనక్కి తిప్పి, అదిగో రాశాను పెద్దమ్మా, మోటారు కాలిపోయింది, రిపేరుకి ఇంత అవుద్ది, పంచాయతీలో ఇంత ఉంది అని అందరికీ వినపడేలా చదివింది, తర్వాత సర్పంచ్ గారితో మాట్లాడి అక్కడే తీర్మానం రాసి సంతకాలు తీసుకుంది. అది చూశాక నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం వచ్చింది, నిజంగా. జీతం, సెక్యూరిటీ కోసమే చదువుతున్న మా ఫ్రెండ్స్ గూడా తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మోటారు గురించే మాట్లాడుకున్నారు.

21 ఏళ్ళు నిండితే వార్డు మెంబరుగా నిలబడొచ్చు, ఆ దారి గూడా ఆలోచించండి అని సార్ చెప్తుంటారు. మన వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి కాకముందు ఎప్పుడో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేసినాయనే గదా. 2024లో ఆయన జయంతి రోజే, ఆగస్టు 23న, రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు, ఆ లెక్క గూడా క్లాసులోనే విన్నా.

బాగోలేనిది ఒకటుంది, అది సరిచేసి తీరాలి. కోర్సు అయిపోగానే రీడింగ్ హాలుకి మళ్ళీ డబ్బు కట్టమంటున్నారు. పోయిన గ్రూప్-2 స్క్రీనింగ్ 2024 ఫిబ్రవరి 25న అయితే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది, అంత గ్యాప్‌లో దర్శి, కనిగిరి నుంచి వచ్చి రూములు తీసుకుని ఉండే పిల్లలు ఎట్టా నెట్టుకొస్తారు? చాలామంది అక్కడే మానేసి వేరే పనుల్లోకి పోతున్నారు. మెయిన్స్ అయ్యేదాకా హాలు ఫ్రీగా ఇవ్వాలి. టెస్ట్ పేపర్ల కీలో తప్పులు గూడా వస్తున్నాయి, చెప్తే దిద్దుతున్నారులే.

చేరేవాళ్ళు ముందు పాలిటీ డెమో క్లాసులో కూర్చోండి, మీ బ్యాచ్‌ని గ్రామసభకి ఎప్పుడు తీసుకెళ్తారో ఆఫీసులో అడిగాకే ఫీజు కట్టండి.