మోకాలి మార్పిడి: మామూలు పద్ధతా, నావిగేషనా, రోబోనా?

అమ్మ రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయ్యాక చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ అడిగిందొకటే: "రోబోతో చేయించారా?" లేదు, కంప్యూటర్ నావిగేషన్‌తో చేయించాం. ఎందుకో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా రాసిపెడితే మేలనిపించింది.

అమ్మవి దొడ్డికాళ్లు. వంకరంతా మోకాలి దగ్గరే ఉందనుకున్నాం. నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా తీసే స్కానోగ్రామ్ ఎక్స్‌రేలో చూస్తే తొడ ఎముకే విల్లులా బయటికి వంగి ఉంది. మా నిర్ణయం అక్కడే తేలిపోయింది.

మామూలు పద్ధతిలో తొడ ఎముక మూలుగలోకి పొడవాటి కడ్డీ దింపి, దాని ఆధారంగా జిగ్ (రంపానికి దారి చూపే అచ్చు) బిగించి కోస్తారు. ఎముక తిన్నగా ఉంటే ఇది మంచి పద్ధతే. చెయ్యి తిరిగిన సర్జన్ చేస్తే కాలు చక్కగా వస్తుంది, ఖర్చూ తక్కువ. ఎముక వంగి ఉంటేనే చిక్కు: కడ్డీ ఆ వంపు వెంట పోతుంది, కోత కోణం తప్పుతుంది. తుంటి బంతి, మోకాలు, చీలమండ, ఈ మూడింటి మధ్య బిందువులూ ఒకే గీత మీదికి రావాలి, తేడా 3 డిగ్రీలు దాటకూడదు అన్నది సర్జన్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క.

నావిగేషన్‌లో ఆ కడ్డీతో పనే లేదు. మోకాలికి పైనా కిందా ఎముకలకి పిన్నులు బిగించి, ఎముక ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలిపే ట్రాకర్లు తగిలిస్తారు. కాలిని తుంటి దగ్గర గుండ్రంగా తిప్పుతుంటే, తుంటి బంతి కేంద్రం ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. మధ్యలో ఎముక ఎంత వంగినా ఆ లెక్క చెదరదు. కోశాక మళ్లీ కొలిచి, తేడా ఉంటే బల్ల మీదే సరిచేసుకోవచ్చు. ఎప్పుడో ఎముక విరిగి తొడలో రాడ్డు వేయించుకున్నవాళ్లకీ ఇది బాగా పనికొస్తుంది. పిన్ను గుచ్చినచోట ఎముక విరగడం అరుదే అయినా ఉంది, అడిగి తెలుసుకోండి.

రోబోలోనూ కొలత దాదాపు ఇలాంటిదే. కొన్ని రకాలకి ముందే సీటీ స్కాన్ కావాలి. చాలావాటిలో కోసేది సర్జనే, రంపం హద్దు దాటకుండా యంత్రం పట్టి ఉంచుతుంది. బాగుంది. కానీ మాకు కావలసింది సరైన కొలత, అది నావిగేషన్‌తోనే దొరికింది. ఇంప్లాంటు (లోపల అమర్చే కృత్రిమ కీలు) ధరకి 2017లో కేంద్రం పరిమితి పెట్టింది గానీ రోబో వాడకానికి వేసే బిల్లుకి అది వర్తించదు.

రోగి ఎముక కొలతలతో ముందే చేయించే జిగ్గులూ ఉన్నాయట. మాకెవరూ సూచించలేదు.

అసలు 3 డిగ్రీల కోసం ఇంత పట్టుదల అవసరమా? అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి వాళ్లు 398 మోకాళ్లని 15 ఏళ్ల దాకా చూసి, ఆ హద్దు లోపల ఉన్నవే ఎక్కువకాలం నిలిచాయనడానికి ఆధారం లేదని 2010లో రాశారు. కీళ్ల మార్పిడి ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో మాత్రం 65 ఏళ్లలోపు వాళ్లకి నావిగేషన్ వాడినచోట మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గింది. అమ్మకి 63. నేను రెండోదానివైపే మొగ్గాను.

పిన్నికి వచ్చే నెలలో ఆపరేషన్. ఆమెకీ స్కానోగ్రామ్ తీయించాం. తొడ ఎముక తిన్నగా ఉంది, మామూలు పద్ధతికే ఒప్పుకున్నాం.