జాగ్రత్త: టెన్త్ సైన్స్ గైడ్ కొనేముందు సోడియం క్లోరైడ్ పేజీ తెరిచి చూడండి

శ్రీకాకుళంలో టెన్త్ పిల్లలున్న వాళ్లు ఒకసారి ఇది చదవండి. టౌన్‌లో ఒక పుస్తకాల షాపులో మా పాపకి సైన్స్ గైడ్ కొన్నాను. ప్లాస్టిక్ సీలు, రంగుల బొమ్మలు, అట్ట మీద పెద్దక్షరాలతో ‘కొత్త సిలబస్’. హంగుకేం లోటు లేదు.

అయానిక బంధం (ఒక పరమాణువు ఎలక్ట్రాన్ ఇచ్చి, ఇంకోటి పుచ్చుకుంటే ఏర్పడే బంధం) పేజీ తీస్తే, సోడియం క్లోరైడ్, అంటే మన ఉప్పు బొమ్మలో ఎలక్ట్రాన్ బాణం క్లోరిన్ నుంచి సోడియంకి వేసి ఉంది. సోడియం ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 1. చివరి ఆ ఒక్కటీ వదిలేస్తే లోపలి 8 నిండుగా మిగులుతుంది. క్లోరిన్‌ది 2, 8, 7, దానికి ఇంకొక్కటి కావాలి. అంటే ఇచ్చేది సోడియం, పుచ్చుకునేది క్లోరిన్. అచ్చులో బాణం తిరగబడిందేమో అనుకుందామంటే, కింద ‘సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి మైనస్ అయాన్‌గా మారును’ అని రాశారు (అయాన్ అంటే ఆవేశమున్న పరమాణువు). బొమ్మకీ రాతకీ పొంతనే లేదు.

ఈ రెండోదే అసలు ప్రమాదం, ఎందుకంటే పిల్లలకి అది నిజమే అనిపిస్తుంది. ‘పోయింది కదా నాన్నా, మైనస్సేగా’ అంటుంది మా పాప. పోయింది ఋణావేశమున్న ఎలక్ట్రాన్. కేంద్రకంలో 11 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి, చుట్టూ 10 ఎలక్ట్రాన్లే మిగిలాయి. ఒక ప్లస్ ఎక్కువైంది, కాబట్టి ధనావేశం.

మెగ్నీషియం క్లోరైడ్ బొమ్మలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకే క్లోరిన్‌కి ఇచ్చేశారు, రెండో క్లోరిన్ ఊరికే పక్కన నిలబడింది. చెరొకటి వెళ్లాలి. ఇక ఉప్పు గడ్డ కూడా కరెంటును ప్రసరింపజేస్తుందట! ఘనంగా ఉన్నప్పుడు అయాన్లు కదలలేవు. నీళ్లలో కలపాలి, లేదా 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించాలి. నౌపడ ఉప్పు మడులున్న జిల్లాలో అమ్ముతున్న పుస్తకం ఇది.

షాపుకి తీసుకెళితే ‘సీలు తీసేశారు, వాపసు లేదు, మేం అచ్చేశామా ఏంటి’ అన్నారు. బిల్లు అడిగితే మొదట తెల్లకాగితం మీద మొత్తం రాసిచ్చారు. గట్టిగా అడిగాక అసలు బిల్లు వచ్చింది. అది ఉంటేనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉంటుంది, నేను చేశాను. మీరు కొనేటప్పుడు సీలు లేని కాపీ చూపించమనండి. సోడియం పక్కన ప్లస్ ఉందా, బాణం క్లోరిన్ వైపు వెళుతోందా చూసి, అప్పుడు డబ్బులు తీయండి.